రెండున్నర అంగుళాల బావ

ఆదివారం పొద్దున డాలస్ శివార్లలో గుడి పార్కింగులో నిలబడితే, కారును బట్టి మనిషి జాతకం చెప్పేయొచ్చు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిది కామ్రీ. రెండో బిడ్డ పుట్టినవాడిది ఒడిస్సీ. కంపెనీ షేర్లు కలిసొచ్చినవాడిది టెస్లా. వీటన్నిటికీ దూరంగా, చివరి వరసలో ఒక పాత టొయోటా టకోమా పికప్పు నిలబడి ఉంటుంది. దాని పక్కన పట్టుపంచె కట్టుకున్న ఒకాయన వంగి, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి దూర్చి ఎన్ని వేళ్ళు పడుతున్నాయో చూస్తుంటాడు. ఆయన్ని మేమంతా లిఫ్టు బావ అంటాం.

ఇలాంటి మనిషి హ్యూస్టన్లోనూ ఉన్నాడు, అట్లాంటాలోనూ ఉన్నాడు. అందరికీ ఉన్నవి రెండే ప్రశ్నలు. ఈ పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని ఎంత ఎత్తు లేపాలి? దానికి ఏ టైర్లు వెయ్యాలి? మామూలు మనిషికైతే అరగంటలో తేలే సంగతి. తేలితే ఎలా అన్నదే ఈయన భయం.

మా బావది 2002 మోడలు. 3.4 లీటర్ల వి6 ఇంజను, 190 హార్స్‌పవర్. కొనే రోజున నన్ను తోడు తీసుకెళ్ళాడు. అమ్మే అతను ఇంజను గురించి చెబుతుంటే బావ వినిపించుకోలేదు. వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరిపోయాడు. చేతిలో చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు. ఫ్రేము పొడుగునా కొట్టుకుంటూ పోయాడు. ఠంగుమంటే మంచి ఇనుము, ధబ్‌మంటే లోపల తుప్పు. దీనికి చరిత్ర ఉంది. ఆ తరం టకోమాల ఫ్రేములు, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో కుళ్ళిపోయేవి. 2008లో టొయోటా కంపెనీ 1995 నుంచి 2000 దాకా వచ్చిన బండ్లకు ఫ్రేము వారంటీ పొడిగించింది, మరీ పాడైనవాటిని తనే తిరిగి కొనుక్కుంది. ఇదంతా బావ బండి కిందనుంచే చెప్పాడు. మాకు కనిపించినవి ఆయన బూట్లే. అమ్మే అతను నా వంక చూశాడు, నేను బూట్ల వంక చూశాను.

బండి ఇంటికి వచ్చింది. ఎంపిక మొదలైంది.

బావ సిద్ధాంతం తెలియాలంటే ఆయన్ని పుట్టినరోజు పార్టీలో పట్టుకోవాలి. పట్టుకోనక్కర్లేదు, ఆయనే పట్టుకుంటాడు. అలా ఓసారి నన్ను పట్టుకుని, రెండు పేపరు ప్లేట్లు నిలబెట్టి, వాటి మధ్య ప్లాస్టిక్ చెంచా అడ్డంగా ఆనించి, చెంచా మధ్యలో ఒక పునుగు గుచ్చాడు.

"ఇది వెనక ఇరుసు. ఈ పునుగు డిఫరెన్షియల్. రాయికి ముందు తగిలేది ఇదే. ఇప్పుడు నువ్వు ఆరంగుళాలు లిఫ్టు చేయించావనుకో, పునుగు లేచిందా?"

లేవలేదని ఒప్పుకున్నాను.

"లేవదన్నా! లిఫ్టు లేపేది పైనున్న బండిని. పునుగు లేవాలంటే ప్లేటు పెద్దది కావాలి. అదీ, టైరు రెండంగుళాలు పెరిగితే పునుగు లేచేది ఒక్క అంగుళమే. సగం పైకి పోతుందిగా."

లిఫ్టుల్లో రకాలు ఆ తర్వాత వచ్చాయి. ఫ్రేముకీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రం లేపేది బాడీ లిఫ్టు. చవకే గానీ పక్కనుంచి చూస్తే ఫ్రేమంతా బయటపడి కనిపిస్తుంది. ముందు స్ప్రింగుల నెత్తిన స్పేసరు బిళ్ళ పెట్టి బిగించేది ఇంకోటి. స్ప్రింగులూ షాక్ అబ్సార్బర్లూ కొత్తవి వేసి, వెనక కమాన్లు మార్చేది అసలు సిసలుది. ఇక ఈ బండికి మూడంగుళాలు దాటామా, ముందు చక్రాలకు శక్తినిచ్చే సీవీ షాఫ్టులు మరీ వంగిపోయి, రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు కారుతుంది. అంతకంటే ఎత్తు కావాలంటే ముందు డిఫరెన్షియల్‌నే బ్రాకెట్లతో కిందికి దింపాలి. ఎత్తు కోసం కిందికి దింపడమేమిటని అడగబోయాను. ఈలోగా పునుగు చల్లారిపోతోందని ఎవరో తినేశారు.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బావతో చిక్కే అది. ముందు టైరు సైజు తేల్చుకో, ఆ టైరు తగలకుండా తిరగడానికి ఎంత కావాలో అంతే లేపు, ముందు నువ్వు తోలేది ఎక్కడో చూసుకో అని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతాడు. తన బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం, రాత్రి పదకొండింటికి పక్కనుంచి తీసిన ఫొటో మీద స్కేలు పెట్టి, ఎంత లేపితే అందంగా ఉంటుందో కొలుస్తాడు. ఆ అందాన్ని 'అప్రోచ్ యాంగిల్' అంటాడు.

టైర్ల దగ్గర కథ ఇంకా ముదిరింది. ఎక్సెల్ షీటు ఒకటి తయారైంది. 265/75ఆర్16 అంటే దగ్గర దగ్గర 31.6 అంగుళాల ఎత్తు. 285/75ఆర్16 అంటే 33కి కాస్త తక్కువ. ఆ 33 వేస్తే చక్రం తిప్పినప్పుడు లోపలి రేకుకు ఒరుసుకుంటుంది, అంచును సుత్తితో కొట్టి మడవాలి. ఆల్ టెరైనా, మడ్ టెరైనా? మడ్ టెరైన్ చూడ్డానికి గంభీరంగా ఉంటుంది గానీ హైవే మీద హోరుమని మోత. లోడ్ రేంజ్ సీ చాలా, ఈ కావాలా? ఈ అంటే పది ప్లై రేటింగు, గట్టిగా ఉంటుంది, బరువూ ఎక్కువే, ఖాళీ బండిలో నడుములు విరుగుతాయి. టైర్ల షాపుకు వెళ్ళి సెల్‌ఫోన్ లైటు వేసి, గోడ మీద డాట్ అక్షరాల చివర ఉండే నాలుగంకెలు చదువుతాడు. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. పాత సరుకైతే పెదవి విరుస్తాడు. కొత్త సరుకైతే "ఇంకో నెలాగితే ఇంకా కొత్తది వస్తుంది" అంటాడు. షాపువాడు మొదట్లో కాఫీ ఇచ్చేవాడు. తర్వాత లోపలి గదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

బావ భార్య, మా చెల్లెమ్మ, ఓర్పు గల మనిషి. ఒకసారి మాత్రం నా ఎదుటే అడిగేసింది. "ఏమండీ, నేను చీర కొని, దానికి జాకెట్టు, ఫాల్సు, గాజులు అంటే ఇంతెత్తున లేస్తారే. మరి మీ స్ప్రింగులకి కంట్రోల్ ఆర్ములు, ఆర్ములకి బుష్షులు, బుష్షులకి అలైన్‌మెంటు, పెద్ద టైర్లకి మళ్ళీ గేర్లు మార్చాలంటున్నారు, ఇదేమిటి?"

"అది సేఫ్టీ" అన్నాడు బావ.

భీమవరంలో ఉన్న తండ్రిగారికి ఫోన్లో చెప్పాడు, బురదలో దిగడానికి టైర్లు వెతుకుతున్నానని. పెద్దాయన జీవితమంతా వరిచేలల్లో ట్రాక్టరు తోలినవాడు. "బురదకైతే దమ్ము చక్రాలు కట్టించరా, టైర్లెందుకు?" అన్నాడు. బావ చాలాసేపు మాట్లాడలేదు. దమ్ము చక్రాల వెడల్పు ఎంతుంటుందో ఆలోచిస్తున్నాడని నా అనుమానం.

2021 జనవరిలో ఎట్టకేలకు డబ్బాలు దిగాయి. ముందుకు రెండున్నర అంగుళాల స్ప్రింగులు, షాకులు, వెనక్కి రెండంగుళాల కమాన్లు. పాతవన్నీ విప్పి, బండిని గరాజులో నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీసి గోడకు ఆనించాడు. విప్పాక తెలిసింది, డబ్బాలో ఒక స్ప్రింగు తక్కువని. అది వచ్చేలోగా ఫిబ్రవరి మంచుతుఫాను వచ్చింది.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళెవరూ ఆ వారం మరిచిపోరు. 16వ తేదీ పొద్దున డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 19 సెల్సియస్. కరెంటు లేదు, పైపులు పగిలాయి, రోడ్లన్నీ గాజు పరిచినట్టు గడ్డకట్టాయి. కామ్రీలు కదల్లేదు, టెస్లాలు మెదల్లేదు. వాట్సాప్ గ్రూపులో అందరికీ ఒకేసారి ఒకే పేరు గుర్తొచ్చింది. పసిపిల్లలకు పాలు కావాలి, ఒక పెద్దాయనకు షుగరు మందులు కావాలి, ఊరందరిలో ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నది బావకొక్కడికే. ఆయన పుట్టింది ఆ రోజు కోసమే.

గ్రూపులో ఫొటో పెట్టాడు. టకోమా, నాలుగు స్టాండ్ల మీద, నాలుగు కాళ్ళూ లేకుండా.

బావ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ఆ రోజంతా సలహాలు పంపాడు. మంచు మీద ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుందే తప్ప ఆపలేదని, బ్రేకు వేస్తే అందరిదీ ఒకటే గతి అని, మడ్ టెరైన్ టైర్ల పెద్ద పెద్ద గడ్డలకు సన్నటి గాట్లు తక్కువ కాబట్టి ఐసు మీద జారతాయని, కొండశిఖరాల నడుమ మంచుపువ్వు గుర్తున్న టైర్లు చూసుకోవాలని. అన్నీ అక్షరసత్యాలు. పాలు మాత్రం పక్క వీధి కుర్రాడు నడిచెళ్ళి తెచ్చాడు.

మార్చిలో బండి కిందికి దిగింది. కిందికి అంటే పైకి. 265/75 ఆల్ టెరైన్లు పడ్డాయి. పాత టైర్లు 265/70లు, 30.6 అంగుళాలవి. లెక్క వేసి చూస్తే, ఏడాదిన్నర వడపోత తర్వాత ఆ పునుగు కింద బావ సంపాదించింది అర అంగుళం. ఈ మాట నేను ఆయనతో అనలేదు. మైలేజీ పడిపోయిందని చెల్లెమ్మ అంటే మాత్రం జవాబు సిద్ధంగా ఉంది. "పెద్ద టైరు కదా, మీటరు 60 చూపిస్తే మనం 62లో పోతున్నాం, మైళ్ళూ తక్కువే లెక్కేస్తుంది. నిజానికి అంత పడిపోలేదు." ఇదీ నిజమే.

అసలు నష్టం మాకు జరిగింది. మా ఊళ్ళో ఎవరు ఇల్లు మారినా సోఫాలు, ఫ్రిజ్‌లు మోసేది ఆ బండే. వెనక తలుపు రెండున్నర అంగుళాలు లేచింది. ఏడడుగుల సోఫాను చివరి క్షణంలో మరో రెండున్నర అంగుళాలు ఎత్తడమంటే ఏమిటో మోసినవాళ్ళకే తెలుస్తుంది. బావ మోయడు. పక్కన నిలబడి కమాన్లు ఎంత దిగుతున్నాయో చూస్తుంటాడు.

ఆ ఏడాదే తణుకు నుంచి వాళ్ళత్తగారు పురిటికి వచ్చారు. గుడికి బయల్దేరి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని బండి ముందు నిలబడ్డారు. ఒక కాలెత్తారు, దించారు. రెండో కాలెత్తారు, దించారు. లోపలికెళ్ళి బాత్‌రూమ్‌లోని ప్లాస్టిక్ పీట తెచ్చి వేసుకుని ఎక్కారు. పీట కింద ఉండిపోయింది. మళ్ళీ దిగడానికి గుడి దగ్గర పీటేదీ?

"అల్లుడుగారూ, దీనికి మెట్లు విడిగా కొనుక్కోవాలా?"

బావ ముఖం వెలిగిపోయింది. "అవునత్తయ్యగారూ. వాటిలో రెండు రకాలున్నాయి. సైడు స్టెప్పులంటే ఉత్త మెట్లు. స్లైడర్లంటే రాళ్ళ మీద బండి బరువంతా ఆనినా తట్టుకుంటాయి." ఆవిడ గుడిదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. జపమో, నిద్రో.

సెలవులకు భీమవరం వెళితే అక్కడా వదల్లేదు. పిన్నికొడుకు థార్‌కి పెద్ద టైర్లు వేయించానని గొప్పగా చూపించాడు. బావ చుట్టూ తిరిగి చూసి, ముందు ఆఫ్‌సెట్ ఎంతని అడిగాడు, తర్వాత మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పాడు, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు అన్న సంగతీ చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, "అయినా ఒక్క రెండంగుళాలు లేపితే..." అన్నాడు.

చివరికి ఒకరోజు బండి మట్టి చూసింది. తూర్పు టెక్సస్‌లో గిల్మర్ దగ్గర బార్న్‌వెల్ మౌంటెన్ అని, జీపులూ ట్రక్కులూ ఎర్రమట్టి గుట్టలెక్కే చోటుంది. నన్నూ తీసుకెళ్ళాడు. రెండో గుట్ట దగ్గర వదులు మట్టిలో వెనక చక్రాలు తిరుగుతున్నాయే గానీ బండి కదలదు. బావ దిగి, ఫోన్లో షీటు తెరిచాడు. 33 వేసుంటే ఎక్కేదని ఆయన అనుమానం.

వెనక ఆగిన బండిలోంచి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన దిగొచ్చాడు. ఆయనదీ పాత పికప్పే, లిఫ్టూ గిఫ్టూ ఏమీ లేదు. టైరును బూటుకాలితో తన్ని, గాలి ఎంతుందని అడిగాడు. నలభై పాయింట్లు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, వాల్వు మూత తీసి, తాళంచెవి మొనతో పిన్ను నొక్కి పట్టుకున్నాడు. బుస్సుమని గాలి పోతోంది. నాలుగు టైర్లకూ తిరిగి పద్దెనిమిదికి దించాడు. టైరు అడుగున మెత్తగా పొడుగ్గా పరుచుకుంది. బావ ఎక్కి క్లచ్చు వదిలాడు. బండి గుట్టెక్కేసింది. ముసలాయన డబ్బులు తీసుకోలేదు, సోడా తాగమన్నా తాగలేదు.

ఆ గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలుతుంది. అంచేత గిల్మర్ పెట్రోలు బంకు దాకా నత్తనడకన వచ్చి, మళ్ళీ గాలి కొట్టించుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడింది. దారిపొడుగునా బావ ఒక్క మాట మాట్లాడలేదు. జ్ఞానోదయమైందనుకున్నాను.

భోజనాల దగ్గర నోరు విప్పాడు. "గాలి కొట్టే కంప్రెసర్లు మూడు రకాలన్నా. సిగరెట్ లైటరులో గుచ్చేది, బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది, బానెట్ కింద పర్మనెంటుగా బిగించేది. బిగించేదైతే వైరింగు కూడా..."

"ఏమండీ, పిల్లాడి సైకిలు పంపు ఉందిగా?" అంది చెల్లెమ్మ, పప్పు వడ్డిస్తూ.

బావ అన్నం కలపడం ఆపి, కాసేపు ఆలోచించాడు. "దాని వాల్వు సైజెంత?"