బండల ఊళ్లో ర్యాంకుల బేరం

పదో తరగతి హాల్ టికెట్ పిల్లల చేతికి రాకముందే వాళ్ల ఇంటి ఫోన్ నంబర్లు కార్పొరేట్ కాలేజీల పీఆర్వోల చేతికి వస్తాయి. ఎవరిచ్చారు? అడక్కండి. బేతంచెర్లయినా అంతే, బెజవాడయినా అంతే. "అమ్మా, మీవాడిలో ఇంజనీరున్నాడు" అంటాడు గడప తొక్కిన టై బాబు. పదిహేనేళ్లు పెంచిన తల్లికి తెలియని రహస్యం వీడికి కాఫీ చల్లారేలోపు తెలిసిపోయింది! పిల్లవాణ్ణి ఒక్క మాట అడిగారా? ఎందుకడుగుతారు? చదివేది వాడు. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని గొంతు చించుకునేది వాళ్లు.

ఇక బడిలో కెరీర్ గైడెన్స్ సదస్సు. ఉచితంగా పెన్ను, ప్యాడ్. ఇంజనీరింగ్ అంటే? సీఎస్‌ఈ. సీఎస్‌ఈ అంటే? ప్యాకేజీ. సివిల్? పెదవి విరుపు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయొచ్చని, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని ఎవరైనా చెప్తారా? చెప్తే కమీషన్ యాడొస్తాది సామీ! మైనింగ్ మాటెత్తితే ఒకటే నవ్వు: "బండలు కొట్టేదానికి బీటెక్కా?"

ఈ ఎగతాళి ఎక్కడ? బండ మీద బతికే ఊళ్లో! బేతంచెర్ల బండ పరవని తెలుగు ఊరుందా? గనిలోంచి నాపరాయి తీస్తారు, కోస్తారు, పాలిష్ పడతారు. పనికిరాని ముక్కలు గుట్టలవుతాయి. కోత నీళ్లతో కారిన తెల్లబురద ఎండి, గాలికి పిండిలా లేస్తుంది. మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి కనురెప్పలు కూడా తెల్లనే. ముక్కుకు అడ్డం తువ్వాల, అంతే రక్షణ. ఆ దుమ్మును అణచేదెట్లా? ఆ నీటిని మళ్లీ వాడేదెట్లా? ఆ గుట్టలను ఏం చేయాలి? ఇవి ఇంజనీరింగ్ ప్రశ్నలు కావా? తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్క పూట పాలిష్ ఫ్యాక్టరీకి నడిపించుకుపోతే ఏ సొమ్ము కరుగుతుంది? కానీ సిలబస్ అయిపోవాలి కదా, పాపం!

సర్కారుదీ అదే తీరు. 2021లో ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ కాస్తా ఈఏపీసెట్ అయింది. బోర్డు మారింది, బేరం మారిందా? 2024-25 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ, బాగా నడిచే కాలేజీలకు బ్రాంచి సీట్ల మీద గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. యాజమాన్యాలకు పండగ! సీఎస్‌ఈ సీట్లు పెంచుకోండి నాయనా. పాఠం చెప్పేవాళ్లను ఎవరు పెంచుతారు?

ఫీజు రీయింబర్స్‌మెంట్ కథ మరీ కమ్మగా ఉంటుంది. ఒక సర్కారు తల్లి ఖాతాలో వేస్తానంది. ఇంకో సర్కారు కాలేజీ ఖాతాలోనే వేస్తానంది. 2019 నుంచి 2024 దాకా రాష్ట్ర ఖజానా తాళంచెవి ఈ బేతంచెర్ల నాయకుడు, నాటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ దగ్గరే ఉండింది. ఆయన కుర్చీ దిగారు, కొత్తవాళ్లు ఎక్కారు. బకాయి మాత్రం దిగలేదు. డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుంటే, పిల్లోడు ఎవరి కాళ్లు పట్టుకోవాలి?