నాటిన పూటే కాపు

మాది విస్సన్నపేట. ఉప్పునీళ్ళు చూడాలంటే బస్సెక్కాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సముద్రం కృష్ణా జిల్లాలో ఉండిపోయింది, మేం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. కాబట్టి మడ అడవుల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. మామిడి గురించైతే ఉంది.

మా దగ్గర తోట గుత్తకు తీసుకునే వ్యాపారి పూత చూస్తాడు, పిందె చూస్తాడు, కొమ్మ వంచి తేనెమంచు పురుగుందేమో చూస్తాడు. అప్పటికీ బేరం ఓ పట్టాన తెగదు. ‘వంద మొక్కలు నాటానయ్యా, ఇదిగో ఫొటో’ అంటే టీ తాగి వెళ్ళిపోతాడు. పాపం, ఆయనకు మడ లెక్కలు తెలియవు.

మడ లెక్కల్లో నాటిన పూటే కాపు. 2009 జులైలో పాకిస్తాన్ సింధు డెల్టాలో 300 మంది ఒక్కరోజులో 5,41,176 మడ మొక్కలు నాటి గిన్నిస్‌కెక్కారు. తలా 1,800 పైచిలుకు. పన్నెండు గంటలు నడుం ఎత్తకపోయినా నిమిషానికి రెండున్నర! తోటలో పనిచేసే ముసలాయనకు చెబితే, ‘గొయ్యెంత లోతండీ?’ అన్నాడు. గొయ్యి ఉండదు తాతా, ఉప్పుపొన్న అనే మడ చెట్టు మొలక చెట్టు మీదే మునక్కాయలా పొడుగ్గా వేలాడుతుంది, తెచ్చి బురదలో గుచ్చడమే అన్నాను. ‘అయితే గుచ్చారు అనండి, నాటారంటారేం?’

గుచ్చినవి ఏమవుతాయంటారా? సునామీ తర్వాత శ్రీలంకలో వెయ్యి హెక్టార్లకు పైగా మడలు వేశారు. 2017లో అచ్చైన పరిశోధన చూస్తే నిలిచింది అయిదో వంతు. 23 చోట్ల వెదికితే తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా లేదు. రోజంతా నీళ్ళు నిలిచే చోట గుచ్చితే మడైనా ఊపిరాడక చస్తుంది మరి. చచ్చిన చోటే మళ్ళీ గుచ్చితే చెట్లు సున్నా, లెక్క రెండు.

మందు లేదని కాదు. మన కృష్ణా, గోదావరి మడల్లోనే స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించి, పోటు నీళ్ళు లోపలికొచ్చి పాటుకు వెనక్కిపోయేలా చేశారు. నీళ్ళాడితే మడ తనే లేస్తుంది. చిక్కేమిటంటే కాలవ ఫొటోకి పనికిరాదు. దాని పక్కన పెద్దమనుషులు నిలబడితే డ్రెయినేజీ పనులు మొదలెట్టారనుకుంటారు. రొయ్యల చెరువు గట్టు తెగ్గొట్టి పోటుకు దారిచ్చే ఫొటో అయితే మరీ ప్రమాదం, గట్టు ఎవరిదో కూడా అందులో పడుతుంది.

2023 జూన్ 5న కేంద్రం మడల కోసం కొత్త పథకం మొదలెట్టింది. తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలు, అయిదేళ్ళు, సుమారు 540 చదరపు కిలోమీటర్లు. పేరు మిష్టి. బెంగాలీలో మిఠాయి. బిడ్డ పుట్టకముందే మిఠాయి పంచే ఆచారం మనకు కొత్త కాదు గనక పేరు అతికినట్టుంది.

పథకం పెద్దలకు నాదో మనవి. అయిదో ఏట లెక్క చూసేందుకు మా గుత్త వ్యాపారిని కృష్ణా మడల దగ్గరి హంసలదీవికి పంపిస్తాను. బస్సు ఛార్జీ నాదే. ఆయన బోర్డు చదవడు. పంచె ఎగగట్టి మోకాలి లోతు బురదలోకి దిగుతాడు. పీత బొరియలున్నాయా, రాలిన గింజ ఎవరూ గుచ్చకుండానే మొలిచిందా అని చూస్తాడు. మీరు టీ మాత్రం సిద్ధంగా ఉంచండి.