ఉన్నాడా, లేడా?

జనవరి వచ్చిందంటే బళ్లలో రోడ్డు భద్రత మాసోత్సవాలు. పిల్లలు చార్టు మీద జీబ్రా క్రాసింగ్ గీసి బహుమతులు కొడతారు. బడి ముందు రోడ్డు మీద అది ఉండాల్సిన చోట కొబ్బరిబోండాల బండి ఉంటుంది.

ఎర్ర లైటు పడితే ఆగాలని పాట పాడి, లాంగ్ బెల్ కొట్టగానే నాన్న బండెక్కుతారు. ట్యాంకు మీద చిన్నది, వెనక పెద్దోడు, నాన్న మోచేతికి హెల్మెట్. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. యూటర్న్ అర కిలోమీటరు అవతల ఉంది కాబట్టి రాంగ్ రూట్. ఎర్ర లైటు పడిందా, దాని కింద కానిస్టేబుల్ ఉన్నాడో లేడో చూడాలి. "చూడరా, ఉన్నాడా?" ఉంటే మోచేతి హెల్మెట్ నెత్తికెక్కుతుంది. నాన్న నెత్తికే లెండి.

నాలుగేళ్లు దాటితే హెల్మెట్ తప్పదని 2019లో చట్టం సవరించారు. అంతకన్నా చిన్నపిల్లలకు హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. బెల్టెందుకు, అమ్మ చున్నీ ఉందిగా!

మైనరుకు బండిస్తే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అది తెలుసు కాబట్టే టెన్త్ చదివే పెద్దోడికి స్కూటీ తాళాలిస్తూ నాన్న మరీమరీ జాగ్రత్తలు చెబుతారు: "మెయిన్ రోడ్డెక్కకురా, అక్కడ ఫొటోలు తీస్తున్నారు!"