ఫోటో పంపి గడ్డ పేరు చెప్పమంటే ఎలా?

తలనొప్పి పొద్దున మొదలైతే సాయంత్రానికల్లా ఎమ్మారై చేతిలో, రాత్రికి దాని ఫోటో నా ఫోన్లో. "సిస్టరమ్మా, ఇది క్యాన్సరేనా?" అని కింద ఓ ప్రశ్న. న్యూరోసర్జరీ వార్డులో నర్సుగా రిటైరైనదాన్ని నాయనా, సోది చెప్పేదాన్ని కాదు.

మా రోజుల్లో స్కానెక్కడిది? ఇంగ్లండులో ఓ మనిషి మెదడుకి మొట్టమొదటి సీటీ తీసిందే 1971 అక్టోబరులో. అది మా దాకా రావడానికి ఏళ్లు పట్టింది. అప్పటిదాకా డాక్టరు చేతిలో ఉన్నది చిన్న సుత్తి, కన్ను చూసే లైటు, ఓ గుండుసూది. మోకాలి మీద కొట్టి, అరికాలు గీకి, కంటి వెనక నరం ఉబ్బిందేమో చూసి "కుడివైపు, ముందు భాగం" అనేవారు. ఇప్పటి కుర్ర డాక్టర్లు పేషెంటు మొహం కన్నా ముందు తెర చూస్తారు. ఈ మాటంటే మా మనవరాలికి కోపం. తనూ డాక్టరే మరి.

అలాగని మా కాలాన్ని నెత్తిన పెట్టుకోను. వెన్నులో సూది గుచ్చి నీరు తీసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ గాలి మెదడులోని గదుల్లోకి చేరేది. గది ఎటు నొక్కుకుపోయిందో చూసి గడ్డ ఎక్కడుందో అంచనా కట్టేవారు. ఆ తర్వాత రోగికి భరించలేని తలనొప్పి, వాంతులు. బేసిను పట్టుకుని పక్కన నిలబడ్డది మేమే. ఆ పరీక్ష పోయినందుకు నాకేం దిగుల్లేదు.

పోయిన ఓపిక గురించే నా గొడవంతా. స్కానులో ఉంగరంలా ఓ మచ్చ కనబడితే చాలు, ఇంటిల్లిపాదీ ఏడుపులు. మన దేశంలో అది టీబీ గడ్డ కావచ్చు, బద్దెపురుగు తిత్తి కావచ్చు. రెండూ చాలావరకు మందులకే లొంగుతాయి. ట్యూమరే అయినా అన్నీ ఒకటా? మెదడు పైపొరలో పుట్టే మెనింజియోమా ఎక్కువమందిలో క్యాన్సరు కాదు. పిట్యూటరీ గడ్డల్ని ముక్కులోంచి తీసేస్తున్నారు, వాటిలో ప్రొలాక్టిన్ ఊరించే రకానికైతే ముందు మాత్రలే. గ్లయోబ్లాస్టోమా మాత్రం పొలంలో తుంగలాంటిది, పైన ఎంత పీకినా కింద మిగిలే ఉంటుంది. అందుకే ఆపరేషన్ తర్వాత ఆరు వారాల రేడియేషన్, దాంతోపాటు టెమోజోలమైడ్ మాత్రలు. ఆ మాత్రలు చేర్చాక రెండేళ్లు దాటి బతికినవాళ్లు పదిమందిలో ఒకరి నుంచి నలుగురిలో ఒకరికి పెరిగారని 2005లో తేలింది. ఇంత గొప్పలు చెప్పుకునే సైన్సు ఆ జబ్బు దగ్గర ఇంకా తడబడుతూనే ఉంది.

ఏ రకమో తేల్చేది ముక్క పరీక్ష. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చాక చాలా గడ్డలకి జన్యువుల్లో తేడాలు కూడా చూసి పేరు పెడుతున్నారు. దానికి రోజులు పడతాయి. ఆ నాలుగు రోజులు ఆగలేక మేనమామ ఒకటి, పక్కింటాయన ఒకటి, ఫోన్లో ఎవడో ఆకుపసరు ఒకటి!

నాకు ఫోటోలు పంపకండి. పెద్ద వయసులో తొలిసారి ఫిట్స్ వచ్చినా, లేవగానే తలనొప్పి, వాంతులు రోజురోజుకీ ఎక్కువవుతున్నా, చూపు మందగించినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా న్యూరో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆపరేషన్ అయ్యాక రాసిచ్చిన ఫిట్స్ మాత్రలు, స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.