కార్డుంది సరే, కూలెవరిస్తారు?

మా రోజుల్లో రాచపుండు పేరు ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. "ఆమెకి అదంట" అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. గురజాల పక్క పల్లెల్లో నోట్లో పుండు మానకపోతే ముందు నాటువైద్యుడు, ఆ తర్వాత నరసరావుపేట డాక్టరు, ఆయన చీటీ రాస్తే గుంటూరు పెద్దాసుపత్రి. అక్కడా లాభం లేదంటే మద్రాసులో అడయారు కేన్సర్ ఆసుపత్రి, లేకుంటే హైదరాబాదు ఎం.ఎన్.జె. ఒకటి 1954లో, ఇంకోటి 1955లో మొదలైనవే గానీ, ఎకరం అమ్మితే తప్ప మావాళ్ళకి రెండూ అందేవి కావు. ఎకరమూ పోయేది, మనిషీ పోయేవాడు.

ఆ మాటకొస్తే, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగానే ఆయన ఇల్లాలు బసవతారకం గారు 1985లో ఈ జబ్బుతోనే పోయారు. ఆమె పేరున హైదరాబాదులో ఆసుపత్రి తెరుచుకునేసరికి 2000 వచ్చింది. ఆ ఇంట్లోనే అట్లా అయితే మిరపకోత కూలి ఇంటి సంగతి చెప్పేదేముంది!

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఎకరాలు అమ్ముకునే బాధ చాలావరకు తగ్గింది. ఒప్పుకోక తప్పదు. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చటం మనకు అలవాటేగా. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో మందుల కంపెనీ వాళ్ళు కేన్సర్ కేంద్రం కట్టించారు. 2024 నవంబరు నుంచి ఏ.ఎన్.ఎం.లు ఇల్లిల్లూ తిరిగి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కేన్సర్ల గురించి అడిగి రాసుకుంటున్నారు.

అడిగితే చెబుతారా మనవాళ్ళు? మా వీధిలో ఏ.ఎన్.ఎం. పిల్ల టార్చి పట్టుకుని నోరు తెరవమంటే ఒక పెద్దాయన చుట్ట తీసి చెవిమీద పెట్టుకుని, "నా పుచ్చుపళ్ళు చూసి ఏం చేస్తావమ్మా" అన్నాడు. పక్కింటి ముసలమ్మ బుగ్గన పిడుగురాళ్ళ సున్నం రాసిన కిళ్ళీ ఉంది. ఊసిరమ్మంటే "అయిపోనీలే" అంది. చదువుకున్న కుర్రకారు ఇంకా ఘోరం. లక్ష్మణఫలం ఆకు కాచి తాగితే గడ్డ కరిగిపోతుందని వాట్సప్‌లో పంపుతారు. మా నాటువైద్యుడు ఊరికొక్కడే ఉండేవాడు, ఇప్పుడు ఫోనుకొకడు.

ఆడవాళ్ళని మాత్రం తిట్టలేను. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా "కోతలయ్యాక చూద్దాంలే" అంటారు. మిరపకోతలు అయ్యేసరికి ఎండాకాలం వస్తుంది, గడ్డ ఆగుతుందా? రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. మాచర్ల నుంచి గుంటూరుకి రోజూ పోయొచ్చే దూరమా అది? అక్కడే గది తీసుకోవాలి, తోడుగా ఇంకో మనిషి ఉండాలి. ఇద్దరి కూలీ పోతుంది, ఇంటి దగ్గర గేదె పాలెవరు పిండాలి? వైద్యం ఉచితమే, మిగతాదంతా చేతి ఖర్చే. గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మనిషికీ, దుర్గి మండలంలో ఉన్న మనిషికీ ఆరోగ్యశ్రీ కార్డు ఒకటే, జబ్బు ఒకటే. బతుకు ఒకటి కాదు.

2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ డేకేర్ కేన్సర్ కేంద్రం పెడతామన్నారు, మొదటి ఏడాదే 200 అన్నారు. 2022 నుంచి నరసరావుపేట కేంద్రంగా మాదీ జిల్లాయే కదా! కీమో నరసరావుపేటలోనే ఎక్కిస్తే మాచర్ల మనిషి పొద్దున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరతాడు. పనిలోపనిగా తోడొచ్చిన వాళ్ళు నడుం వాల్చటానికి ఒక షెడ్డు, దాంట్లో రెండు ఫ్యాన్లు కూడా పెట్టించండి. శంకుస్థాపన ఫలకం మీద ఎవరి పేరు చెక్కించుకున్నా నాకేం అభ్యంతరం లేదు.