తొక్కుడు సారె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

తుప్పు పట్టినట్టి తొక్కుడు సారెకు
కిరసనాయిలద్ది కీలు విప్పి
అరిగినట్టి గుండ్ల హాయిగా మార్పించి
తిరుగునోయి మరల తిన్నగాను

ప్రతిపదార్థం: తుప్పు పట్టినట్టి = ఏళ్ల తరబడి పెరట్లో వానకు నానిన; తొక్కుడు సారెకు = ఇనుప చట్రంలో నిలబెట్టి, కాలితో తన్ని తిప్పే కుమ్మరి చక్రానికి; కిరసనాయిలు అద్ది = బిగుసుకున్న అతుకుల్లోకి కిరోసిన్ దిగనిచ్చి; కీలు విప్పి = పై పళ్లాన్నీ కింది బరువు చక్రాన్నీ ఇరుసు నుంచి ఊడదీసి; అరిగినట్టి గుండ్లన్ = పాడైన బేరింగులను; హాయిగా మార్పించి = (దీని సంగతి విశేషంలో); మరల = తిరిగి; తిన్నగాను = ఊగిసలాట లేకుండా; తిరుగును = తిరుగుతుంది; ఓయి = ఈ పని నెత్తిన వేసుకున్నవాడా!

తాత్పర్యం: కర్రతో తిప్పే ఊరి సారె నేలబారున ఉంటుంది. తొక్కుడు సారె అలా కాదు. దాని పళ్లెం పైన, బరువు చక్రం కింద, రెంటినీ కలుపుతూ నిలువు ఇరుసు. కింది బరువే దాని ప్రాణం. ఒకసారి వేగం అందుకుంటే కాలు ఆగినా అది ఆగదు, ఆలోగా చేతులు మట్టి మీద పని చేసుకుంటాయి. ఆ ఇరుసు బేరింగుల్లో బిగుసుకుపోవడమే ఇక్కడి కష్టం.

సుత్తితో కొడితే ఊడదా అని పూర్వపక్షం. ఊడుతుంది, దాంతోపాటు ఇరుసు కొస కూడా చితుకుతుంది. కనుకనే కవి కిరసనాయిలును ముందు పెట్టాడు. రాత్రంతా నాననిచ్చి, తెల్లారాక కొయ్యముక్క అడ్డం పెట్టి తట్టాలి. కిరసనాయిలు పూసిన చోట మంట చూపడం మాత్రం భయానక రసం.

చట్రం మీది తుప్పు చూపులకే భయపెడుతుంది. తీగ బ్రష్షుతో గీకి రెడ్ ఆక్సైడ్ పూస్తే సరి. బేరింగు కూర్చునే చోట ఇరుసుకు పట్టిన తుప్పు అసలైనది. అక్కడ సన్నరకం ఉప్పుకాగితంతో మెరుగు పెట్టాలే గాని అరగదీయరాదు. అరిగితే కొత్త బేరింగు వదులై ఆడుతుంది. రంగూ అక్కడ తగలరాదు.

విశేషం: గుండ్లు అంటే బేరింగు మొత్తం, భాగాన్ని చెప్పి వస్తువును స్ఫురింపజేశాడు. దాని అంచున చెక్కిన అంకెలు కటపయాదికి తీసిపోవు. 6205 అని ఉంటే చివరి రెండంకెలను 5తో హెచ్చవేయాలి. వచ్చిన 25 మిల్లీమీటర్లు లోపలి రంధ్రం, అంటే ఇరుసు లావు. వెలుపలి వ్యాసం 52, మందం 15. ఆ అంకెకు 2ఆర్ఎస్ చేర్చి అడిగితే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది ఇస్తారు. బురదనీళ్లు లోపలికి పోవు. ఇరుసుకు ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి వలయం మీదే పడాలి. బయటి వలయాన్ని కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి, కొత్తది కొత్తగానే పాడవుతుంది.

'హాయిగా' అన్నది యతి కోసం వచ్చిన పదం. బేరింగు మార్చినవారెవరూ ఆ మాట వాడరు.

'తిన్నగాను' నిగ్గు తేల్చాలంటే రసమట్టం పెట్టి చట్రాన్ని సరిచేసి, పళ్లెం అంచు దగ్గర పెన్సిలును కదలకుండా పట్టి మెల్లగా తిప్పాలి. గీత చుట్టూ పడితే పద్యం ఫలించినట్టే. ఒక్క పక్కనే పడితే పళ్లెమో ఇరుసో వంగింది. పళ్లెమైతే మార్చవచ్చు. ఇరుసు వంగితే ఈ పద్యం చాలదు, లేత్ మిషన్ దగ్గరికి తీసుకుపోవలసిందే.