మా రోజుల్లో పోగేసి రాసేవాళ్లం

తుర్కయంజాల్‌లో మా కాలనీకి రెండు బోర్లు, ఒక సంపు, మేడ మీద ట్యాంకులు. వాటికి సెన్సార్లు బిగించి, నీటిమట్టం, మోటారు కరెంటు, వోల్టేజీ అన్నీ కలిపి సెకనుకు పన్నెండు రీడింగులు ఇన్‌ఫ్లక్స్‌డీబీ డేటాబేస్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం పక్కింటి కుర్రాడు రాశాడు. మంచి పనే. కానీ ఒక్కో రీడింగుకీ ఒక్కో రిక్వెస్టు! రోజుకి పది లక్షల పైచిలుకు. గ్రాఫు తెరవడానికే నిమిషం పడుతుంటే, "ర్యామ్ పెంచాలి అంకుల్" అన్నాడు. ఒళ్లు మండింది నాకు.

మా రోజుల్లో పెంచడానికి ర్యామ్ ఎక్కడిది? తొంభైల్లో ఒక కర్మాగారం కంట్రోల్ రూంలో కొలిమి ఉష్ణోగ్రతలు రికార్డు చేసే ప్రోగ్రాం చూసేవాణ్ణి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కయినా సెకనుకు తిరిగేది 120 చుట్లే. ప్రతి పద్దూ డిస్కు మీద పడిందని తేల్చుకుని మరీ కదిలితే సెకనుకి ఆ 120 దాటడం కష్టం. మా డిస్కులు అంతకంటే నిదానం. అందుకే నిమిషంపాటు వచ్చినవన్నీ మెమరీలో పట్టుకుని ఒక్క దెబ్బకి రాసేవాళ్లం. యూపీఎస్ కూత పెట్టిందా, నిమిషం నిండినా నిండకపోయినా చేతిలో ఉన్నదంతా ముందు డిస్కు మీదికి దించెయ్యాలి. మా సూపర్‌వైజరు మొదటిరోజే నేర్పిన పని అది.

"ఎన్నింటిని పోగెయ్యాలి?" అని అడిగాడు కుర్రాడు. ఎల్బీనగర్‌లో షేరాటో జనం నిండితేనే కదులుతుంది. ఆర్టీసీ బస్సు నిండకపోయినా టైముకి కదులుతుంది. బ్యాచ్‌కి రెండు గుణాలూ ఉండాలి. ఇన్‌ఫ్లక్స్ వాళ్లు విడతకి 5000 లైన్లు మేలంటారు. మా కాలనీ లెక్కన 5000 నిండేసరికి దాదాపు ఏడు నిమిషాలు, ఈలోగా సంపు పొంగి పొర్లుతుంది. పది సెకన్లకోసారి పంపమన్నాను. పది లక్షల రిక్వెస్టులు 8,640కి దిగాయి.

మర్నాడు చూస్తే నీటిమట్టం గీత మెట్లుమెట్లుగా ఉంది. విప్పి చూస్తే లైన్లలో టైమ్‌స్టాంపే లేదు. సర్వరు తనకి అందిన టైము వేసుకుంది. ఒక్కో సెన్సారు నుంచి ఒకే విడతలో వచ్చిన పది రీడింగులకీ ఒకే టైము పడింది. సీరీస్ ఒకటే, టైమూ ఒకటే అయితే కొత్తది పాతదాన్ని కొట్టేస్తుంది. పదింట్లో తొమ్మిది గల్లంతు, ఎక్కడా ఒక్క ఎర్రర్ లేదు! మా లాగ్‌షీట్‌లో గంటలు ఎడమవైపు అచ్చయి ఉండేవి. ఆపరేటరు టీ తాగొచ్చి ఎక్కించినా పదకొండు గంటల రీడింగు పదకొండు గడిలోనే పడేది. కొలిచిన టైము ముఖ్యం, రాసిన టైము కాదు. అది సరిగ్గా ఉంటే, నెట్ తెగి అదే విడతని మళ్లీ పంపినా ఇబ్బంది లేదు, పాతదాని మీదే వెళ్లి పడుతుంది.

ఆ తర్వాతి వారం రాత్రిపూట మోటారు కాలింది. కాలే ముందు ఎన్ని ఆంపియర్లు లాగిందని ఎలక్ట్రీషియన్ అడిగాడు. సరిగ్గా ఆ ఆఖరి సెకన్లే లేవు. కుర్రాడు అప్పుడే కొత్త కోడ్ ఎక్కించి ప్రోగ్రాంని రీస్టార్ట్ చేశాడట. ఆగిపొమ్మన్న సిగ్నల్ రాగానే బఫర్‌ని ఖాళీ చేసి క్లోజ్ పిలవాలని ఎవరూ చెప్పలేదట. యూపీఎస్ కూత వినకుండా పెరిగిన పిల్లలు!

ఇప్పుడది సరిచేశాడు. నిన్న కోడ్ మళ్లీ చదివితే బఫర్‌కి పైహద్దు కనిపించలేదు. డేటాబేస్ ఒక గంట పడిపోతే 43,200 పాయింట్లు మెమరీలో పేరుకుంటాయి. రాత్రంతా పడిపోతే? హద్దు దాటినవాటిని డిస్కు మీద దాస్తావా, పాతవి పారేస్తావా అని అడిగాను. ఆదివారం ఆలోచిస్తానన్నాడు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను, ఇవాళే రాయమని.